ఆవిడ్ని అలా అనకండి

జూన్ 21

అక్కా,

నీ కూతురి సంగతి ముందు రాయకపోతే మిగతాది చదవవు కాబట్టి ముందు అదే రాస్తున్నాను. మిరియం బాగుంది. జలుబు తగ్గింది. ఎనిమిదో క్లాసు పుస్తకాలకి తనే అట్టలు వేసుకుంది. గింజంత ఉన్నా నాలుక మీద పడితే చురుక్కుమంటుందని నువ్వు పెట్టిన పేరుని రోజురోజుకీ నిజం చేస్తోంది. మా మెట్ల కింద సైకిళ్లు బాగుచేసే అతను నిన్న చక్రాలన్నీ దారికి అడ్డంగా పరిచాడు. "మేం ఎగిరి రావాలా, దొర్లి రావాలా?" అని అడిగింది. పాపం అతను నవ్వి అన్నీ పక్కకి జరిపాడు.

ఇక నా సంగతి. ఈ ఏడాది నీతి పాఠాల పీరియడ్ నా నెత్తిన పడింది. శుక్రవారం ఆఖరి పీరియడ్ అది. ఎవరూ తీసుకోరు. పిల్లలు అప్పటికే సంచులు సర్దేసుకుని గంట కోసం చెవులు రిక్కించుకుని ఉంటారు. పుస్తకం తెరిస్తే 'పెద్దలను గౌరవించవలెను' అని ఒక పేజీ, పక్కన చేతులు కట్టుకున్న పిల్లాడి బొమ్మ. పుస్తకం మూసేసి, "మనం ఈ స్కూల్లో 'ఏయ్' అని పిలిచేది ఎవరెవర్ని?" అని అడిగాను. క్లాసంతా ఒక్కసారిగా "ఆయాని" అంది.

గంట కొట్టేది, గదులు ఊడ్చేది, నీళ్ల డ్రమ్ములు నింపేది, టీలు మోసేది అన్నీ ఆవిడే. నాకంటే పెద్ద. నేను కూడా 'ఏయ్ ఆయా, సుద్దముక్కలు తే' అనే అనేవాడిని. ఈ వారమంతా ఆవిడ్ని అందరం 'మీరు' అనాలని పెట్టాం. మొదటిరోజు నీ కూతురు వెళ్లి "ఆయాగారూ, మీరు కాస్త పక్కకి జరుగుతారా?" అంటే ఆవిడ తన వెనకాల ఎవరున్నారోనని చూసిందట. ఇప్పుడు అలవాటు పడింది. తల దువ్వుకుని వస్తోంది.

రెండో పాఠం ఎవరి మర్యాద వాళ్లు కాపాడుకోవడం గురించి. ఎవరైనా మనల్ని గానీ, మన ఎదురుగా ఇంకొకర్ని గానీ చులకన చేస్తే నోరు పారేసుకోకూడదు. లేచి నిలబడి, గొంతు పెంచకుండా 'అలా అనకండి' అనాలి. ఇద్దరిద్దరుగా నిలబెట్టి అభ్యాసం చేయించాను. 'ఏయ్' అంటే పలకడం అలవాటైపోయిన మనిషి చివరికి తన పేరు తనే మర్చిపోతాడు అని చెప్పాను. ఉద్యోగంలో చేరాక మొదటిసారి అక్కా, ఆఖరి పీరియడ్ అయిపోయినా పిల్లలు కదల్లేదు.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

నీ తమ్ముడు


జూలై 4

ఒరేయ్ మాస్టారూ,

నీ పాఠం బాగుందిరా. చదువుతుంటే నేను కూడా బెంచీ మీద కూర్చున్నట్టే ఉంది. కానీ ఆ 'ఏయ్' మాట రాసేముందు ఎవరికి రాస్తున్నావో ఒక్కసారి ఆలోచించాల్సింది.

ఇక్కడ నన్ను ఏమని పిలుస్తారో నీకు తెలుసు. నేను చూసుకునే పెద్దాయన మంచం పక్కన బల్ల మీద ఒక గంట ఉంది. ఆయన చెయ్యి ఆడినప్పుడు అది మోగిస్తాడు. ఆయన కోడలు మాత్రం 'ఏయ్' అంటుంది. నేను పలుకుతాను. ఆయన్ని పక్కకి తిప్పి వీపు తుడుస్తాను, దుప్పట్లు మారుస్తాను, జావ తాగిస్తాను. ఆయన సగం మింగి సగం నా మీద ఉమ్ముతాడు. నా పేరు నేనేం మర్చిపోలేదు. మొగుడు పోయినప్పట్నుంచీ నా పేరు గుర్తుచేసేవాళ్లు లేకపోయినా మర్చిపోలేదు. బిడ్డని నీ దగ్గర వదిలి, తలుపుకి గడియ కూడా లేని గదిలో పడుకుంటున్నది నేను, ఆ పాఠం చెప్పేది నువ్వు.

ఏదో అన్నానులే, మనసులో పెట్టుకోకు. నిన్నూ నన్నూ ఒకే చేత్తో కొట్టిన అమ్మకి నువ్వంటేనే ఎక్కువ ముద్దు, అందుకే నీకు మాటలెక్కువ వచ్చాయి. ఒక్క మాట మాత్రం విను. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుంది అంటారు గానీ, ఆ ఊరు ఎవరిదో కూడా చూసుకోవాలి. పిల్లలకి మాట నేర్పడం తేలికే. ఆ మాట వల్ల దెబ్బతినేవాళ్లు వేరే ఉంటారు.

దానికి తలలో పేలు చూస్తున్నావా? దువ్వెన విడిగా ఉంచు. ఫోన్ చెయ్యకు, ఇక్కడ ఫోను హాల్లో ఉంది, అందరి చెవులూ దాని మీదే.

అక్క


జూలై 15

అక్కా,

నిన్ను ఉద్దేశించి రాశానని ఎలా అనుకున్నావు? ఒట్టు, నువ్వు గుర్తుకే రాలేదు. ఈ మాట ఇంకా అధ్వాన్నంగా ఉందేమో. ఆ వాక్యం కొట్టేద్దామనుకున్నాను గానీ ఉంచేస్తున్నాను. నాకు ఉత్తరం రాయడమే రాదు. పిల్లలకి వ్యాసరచన మాత్రం నేర్పుతాను.

ఇక్కడ వానలు. ఉన్నది ఒక్క గది, అందులో మూడుచోట్ల కారుతోంది. గిన్నెలన్నీ నేల మీదే ఉంటే వంట దేంట్లో చెయ్యాలని మిరియం అడుగుతోంది.

చిన్న గొడవ జరిగింది. నువ్వు కంగారు పడాల్సినంత కాదు. పోయిన వారం పెద్ద మేడమ్, అంటే స్కూలు యజమానురాలు, ఎవరో పెద్దవాళ్లని వెంటబెట్టుకుని క్లాసులు చూపించడానికి వచ్చారు. మా క్లాసులో ఉండగా మేడమ్ ఏదో అన్నారు. మన పిల్ల లేచి ఆవిడకి ఎదురు మాట్లాడింది. బయటివాళ్ల ముందు అయింది కాబట్టి ఆవిడకి కష్టమేసింది. ప్రార్థన హాల్లో అందరి ముందూ క్షమాపణ చెప్పాలని హెడ్మాస్టరు అంటున్నారు. ఇది చెప్పనంటోంది. మొండికేసి కూర్చుంది. చెప్పకపోతే సీటు తీసేస్తారు. నేను అక్కడ టీచర్ని కాబట్టే దానికి సీటు ఇచ్చారని నీకు తెలుసు.

నేను ఎంత చెప్పినా వినడం లేదు. నువ్వు తల్లివి. ఏం చెయ్యమంటావు?

నీ తమ్ముడు


జూలై 24

తమ్ముడూ,

ఏం చెయ్యమంటానా? మెడలు వంచి చెప్పించు. అడిగావు కాబట్టి చెప్తున్నాను, అడగాల్సిన పని కూడా లేదు.

బయటివాళ్ల ముందు యజమానురాలికి ఎదురు చెప్పిందా? పదమూడేళ్ల పిల్లకి ఆవిడతో మాటలేంటి? నేను ముందే అన్నానా లేదా? నువ్వు తలెత్తండి, తలెత్తండి అన్నావు. ఇది ఎత్తింది. ఎత్తిన తల చూరుకి కొట్టుకుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? సరే, తొక్కింది, ఇప్పుడు కడుక్కోమను.

సీటు పోతే దాన్ని ఎక్కడ పెట్టను? ఈ ఇంట్లోకి పిల్లల్ని తెచ్చుకోకూడదని పనిలో చేరినరోజే చెప్పారు. దాని చదువు కోసం నేను ఎవరెవరి ముందు వంగానో దానికి తెలీదు, తెలియకూడదనే నా కోరిక. ఒక్క మాట చెప్తే నాలుక అరిగిపోదు.

నా మాటగా చెప్పు. 'అమ్మ చెప్పమంది, అమ్మ కోసం చెప్పు' అను. ఇంకా వినకపోతే ఈ ఉత్తరం దాని చేతికివ్వు. దానికి నా అక్షరాలు తెలుసు.

పెద్దాయనకి నాలుగు రోజులుగా జ్వరం. గంట మోగించే ఓపిక కూడా లేక, నా చెయ్యి పట్టుకుని వదలడం లేదు. ఇంట్లోవాళ్లు గుమ్మం దగ్గర నిలబడి చూసి పోతున్నారు.

అక్క


ఆగస్టు 5

అక్కా,

అయిపోయింది. నీ ఉత్తరం చదివించాను. రెండుసార్లు చదువుకుని, మడిచి తిరిగి నాకిచ్చేసి, "సరే" అంది. మర్నాడు ప్రార్థన అయ్యాక హాల్లో వేదిక మీద నిలబడి చెప్పింది. ఏం చెప్పాలో నేనే ఒక కాగితం మీద రాసిచ్చాను, తడబడకుండా ఉంటుందని. వెనక వరసలకి వినపడలేదని మేడమ్ మళ్లీ చెప్పించారు. రెండోసారి బాగానే వినపడింది.

సీటుకి ఇబ్బంది లేదు. మేడమ్ కూడా మనసులో పెట్టుకోలేదు, దాని తల నిమిరారు.

నీ కూతురిలో చాలా మార్పు వచ్చింది. ఎదురు చెప్పడం మానేసింది. చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది. నన్ను ఇంట్లో కూడా 'మీరు' అంటోంది. 'మీకు అన్నం పెట్టమంటారా? మీరు పడుకుంటారా?' అని.

నీతి పాఠాల సంగతి హెడ్మాస్టరు పై అధికారులకి రాశారట. ఈ నెలాఖరున జరిగే టీచర్ల శిక్షణలో మా 'మర్యాద వారం' గురించి మాట్లాడమన్నారు. పక్క ఊళ్లో, రెండు రోజులు. స్కూల్లో ఆయా మానేసింది, కొత్తామె వచ్చింది. గంట వేళకి కొట్టడం ఇంకా అలవాటు కాలేదు.

వాన తగ్గింది. గిన్నెలు పొయ్యి మీదకి ఎక్కాయి.

నీ తమ్ముడు


ఆగస్టు 16

మాస్టారూ,

హమ్మయ్య. గుండెల మీద బండ దిగింది. 'మీరు' అంటోందా? ఇన్నాళ్లకి బుద్ధొచ్చిందన్నమాట. నువ్వు నవ్వుతావు గానీ నాకు మాత్రం కళ్లు చెమర్చాయిరా. మేనమామని మేనమామలా చూడటం నేర్చుకుంది. నీ పాఠాలు మొత్తానికి వృథా పోలేదు.

శిక్షణలో నువ్వు మాట్లాడటమా! ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లు. మాట్లాడేటప్పుడు చెవి పట్టుకుని లాక్కునే అలవాటు ఒకటుంది నీకు, మానుకో.

ఆయా ఎందుకు మానేసింది? తల దువ్వుకుని వస్తోందని మురిసిపోయావుగా. ఒంట్లో బాగాలేదా?

పెద్దాయన్ని ఆస్పత్రిలో చేర్చారు. నెలాఖరున రెండు రోజులు నాకు సెలవిస్తామన్నారు, అది కూడా నీ శిక్షణ రోజుల్లోనే కుదిరింది. నువ్వు వెళ్లు, తాళం సైకిల్ షాపతనికి ఇచ్చి వెళ్లు. సాయంత్రానికల్లా నేను వచ్చేస్తాను. ఏడాది అయింది దాన్ని చూసి. ఈలోగా ఎత్తు పెరిగి ఉంటుంది, నా పాత చీరతో గౌన్లు రెండు కుట్టి తెస్తున్నాను.

ఉంటాను, అక్క


సెప్టెంబరు 3

తమ్ముడూ,

నువ్వు ఇంటికొచ్చేసరికి గదిలో నీ బట్టలే ఉండి ఉంటాయి. పిల్లని నేనే తీసుకొచ్చేశాను. భయపడి ఎక్కడెక్కడో వెతుకుతావని షాపతనికి చెప్పి వచ్చాను. దాని పుస్తకాలు మోయలేకపోయాను.

వరసగా రాస్తాను, విను.

తలుపు అదే తీసింది. ఎత్తు పెరిగింది. మీద పడి కావలించుకుంటుందని చేతిలో సంచి కింద పెట్టేశాను. అది గుమ్మంలోనే నిలబడి, "మీరు ఎప్పుడు బయల్దేరారు?" అంది. నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాను. ఎవరూ లేరు. నన్నే.

"నన్ను మీరు అంటావేమే?" అన్నాను. "మర్యాద" అంది. వెక్కిరింపు లేదురా, కోపం లేదు. ఆస్పత్రిలో చీటీ రాసేవాళ్లు మాట్లాడినట్టుంది. నీ ఉత్తరంలో ఆ ముక్క చదివి నేను సంతోషపడ్డానే, ఆ రోజు తలుచుకుంటే నా చెంప మీద నేనే కొట్టుకోవాలనిపించింది.

రెండో రోజు మధ్యాహ్నం దాని తల దువ్వుతుంటే, నా వైపు వీపు పెట్టి కూర్చుంది కాబట్టేమో, చెప్పింది. నువ్వు 'ఏదో అన్నారు' అని రాసిన చోట ఏముందో చెప్పింది.

ఆయా టీలు పట్టుకొచ్చింది. కప్పు ఒలికి సాసర్లో పడింది. మేడమ్, "ఏమే, కళ్లు నెత్తికెక్కాయా? పశువుకి చెప్పినా తెలుస్తుంది" అంది. వచ్చినవాళ్లు నవ్వారు. నా కూతురు లేచి నిలబడింది. గొంతు పెంచలేదట. నువ్వు నేర్పినట్టే, "మేడమ్, ఆవిడ్ని అలా అనకండి. ఆవిడ మీకంటే పెద్దావిడ" అంది. అనేసి నీ వైపు చూసిందట. నువ్వు ఆ గదిలోనే ఉన్నావటగా. బల్ల మీద సుద్దముక్కలు ఏరుకుంటున్నావట. ఏరుకుంటూనే "కూర్చో" అన్నావట.

"నీకిది ఎవరు నేర్పారు?" అని మేడమ్ అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. "ఈ ముసలిదేనా పిల్లల్ని ఉసిగొల్పుతోంది? ఈమధ్య దీని నడక మారింది, చూస్తూనే ఉన్నాను" అంది. అప్పుడు కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆ సాయంత్రమే ఆయాని పనిలోంచి తీసేశారు. మానేసిందని రాశావు నాకు.

"మామయ్యే నేర్పాడని చెప్పొచ్చుగదే?" అని అడిగాను. అది ఏమందో తెలుసా? "మామయ్య చెప్తాడనుకున్నా."

దువ్వెన నా చేతిలోనే ఉండిపోయిందిరా.

సాయంత్రం దాన్ని వెంటబెట్టుకుని ఆయా ఇల్లు వెతుక్కుంటూ పోయాను. చాకలి రేవు దాటాక వెనక వీధిలో, ఒక గోదాము గోడకి ఆనించి కట్టిన గది. కాగితం సంచులు అతికిస్తోంది. వేళ్లన్నీ జిగురు. నేను ఎవరో చెప్పి, మా వల్ల మీకు అన్యాయం జరిగిందమ్మా అన్నాను. తలెత్తలేదు.

"నేనడిగానా అమ్మా, నన్ను మీరు అనమని?" అంది. "ఏయ్ అంటే పలికేదాన్ని. నా పనేదో నేను చేసుకునేదాన్ని. మీ మాస్టారొచ్చి నాకు మర్యాద నేర్పాడు. నాకూ బాగానే ఉండేది, అబద్ధమెందుకు. పొద్దున్నే పోవాలనిపించేది. ఇప్పుడెవరూ నన్ను ఏయ్ అని కూడా పిలవడం లేదు."

మిరియం నేల మీద కూర్చుని ఒక కాగితం తీసి మడవబోయింది. ఆవిడ పిల్ల చేతిలోంచి లాక్కుంది. "వద్దు పాపా. నా పని నేను చేసుకోగలను. నువ్వు పో" అంది. మెల్లగానే అంది. ఈ మొత్తం కథలో ఆత్మగౌరవం అనే మాటకి నాకు కనపడ్డ మనిషి ఆవిడొక్కతే.

నువ్వు భయపడ్డావని నాకు కోపం లేదు. నీ ఉద్యోగం, దాని సీటు, అన్నీ తెలుసు. నేను రోజూ భయపడతాను. కానీ నీ భయానికి నా చేత్తో ఉత్తరం రాయించుకున్నావు చూడు. ఏం జరిగిందో చెప్పకుండా, తల్లివి నువ్వే చెప్పు అన్నావు. నేను కత్తి నూరి పంపాను. నువ్వు దాని చేతికిచ్చావు. అది రెండుసార్లు చదువుకుందట.

దాన్ని నాతో ఉంచుకోనివ్వరు కాబట్టి పని మానేశాను. ఇదే ఊళ్లో ఒక గది తీసుకున్నాను, చిరునామా కవరు మీద రాశాను. పెద్దాయన ఆస్పత్రి నుంచి వచ్చాడు, వెళ్తున్నానంటే నా మణికట్టు పట్టుకున్నాడు. వేళ్లు ఒక్కొక్కటీ విడదీసుకుని రావాల్సి వచ్చింది. ఆ మనిషినలా వదిలేసి రావడం ఏ పాఠంలోకి వస్తుందో నాకు తెలీదు.

అక్క


సెప్టెంబరు 11

అక్కా,

నాలుగు కాగితాలు రాసి చింపేశాను. నేను నోరు తెరిచేలోపే అంతా జరిగిపోయింది అని మొదలుపెట్టాను. అది నిజం కాదు. నోరు తెరవడానికి బోలెడు సమయం ఉంది. అందరూ టీలు తాగారు. వాళ్లు తాగి వెళ్లేదాకా నేను సుద్దముక్కలు రంగుల వారీగా సర్దాను.

శిక్షణలో నాకు చప్పట్లు కొట్టారు. అది కూడా నీకు తెలియాలి. పిల్లలు ఆయాని మీరు అని పిలిచిన సంగతి, ఆవిడ వెనక్కి తిరిగి చూసిన సంగతి చెప్తే ఒకావిడ కళ్లు తుడుచుకుంది. అక్కడితో ఆపేశాను. ఆ తర్వాత ఏమైంది అని ఎవరూ అడగలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకునే ఉన్నాను. ఇంటికొచ్చి తాళం తీస్తే దాని మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది.

రాజీనామా రాసి జేబులో పెట్టుకున్నాను. ఈ స్కూల్లో ఇంకొక్క రోజు కూడా పాఠం చెప్పే అర్హత నాకు లేదు. రేపు ఇచ్చేస్తాను. నువ్వు పాపని తిరిగి పంపు, వేరే ఊళ్లో వేరే స్కూలు చూసుకుందాం. దాని పుస్తకాలు బస్సులో పంపుతున్నాను. అట్టలు తడిసినవి మార్చాను.

అది నా గురించి అడుగుతోందా?

నీ తమ్ముడు


సెప్టెంబరు 20

తమ్ముడూ,

అడగడం లేదు.

రాజీనామా ఇస్తే నీ గౌరవం నీకు తిరిగొస్తుంది. పొట్టేలులా కొమ్ములు విదిలించుకుని బయటికొస్తావు, నలుగురూ ఆహా అంటారు. దాని గౌరవం సంగతేంటి? ఏ హాల్లో దాని చేత చెప్పించారో ఆ హాల్లోనే ఉండిపోయింది అది. ముందు అక్కడికి పోయి, అదే పిల్లల ముందు, ఏది నిజమో చెప్పు. వెనక వరసలకి వినపడేలా చెప్పు. ఆ తర్వాత ఉంటావో పోతావో నీ ఇష్టం.

పిల్లని పంపను. పుస్తకాలు అందాయి.

అక్క


అక్టోబరు 8

అక్కా,

చెప్పాను.

ప్రార్థన అయ్యాక రోజుకొక టీచరు 'మంచిమాట' చెప్పాలి. నా వంతు సోమవారం వచ్చింది. "ఈ ఏడాది ఒకమ్మాయి చేత ఇక్కడ మనం క్షమాపణ చెప్పించాం. ఆ అమ్మాయి తప్పేమీ చెయ్యలేదు. ఒక పెద్దావిడని తిడుతుంటే వద్దంది. అలా అనమని నేర్పింది నేను. ఆయాగారికి ఏ సంబంధమూ లేదు. ఎవరు నేర్పారని అడిగినప్పుడు నేను పక్కనే ఉండి మాట్లాడలేదు. క్షమాపణ చెప్పాల్సింది నేను, చెప్తున్నాను" అన్నాను. గట్టిగానే అన్నాను.

అయ్యాక ఏమైందో తెలుసా? ముందు వరసలో ఒకటో క్లాసు పిల్లలు చప్పట్లు కొట్టారు. మంచిమాట అవ్వగానే చప్పట్లు కొట్టడం వాళ్లకి అలవాటు. హెడ్మాస్టరు "క్లాసులకి వెళ్లండి" అన్నారు. వెళ్లిపోయారు.

రాజీనామా ఇవ్వకుండా జేబులోనే ఉంచాను, వాళ్లే తీసేస్తారనుకున్నాను. సంచి కూడా సర్దుకున్నాను. పెద్ద మేడమ్ పిలిచి కూర్చోబెట్టి టీ ఇప్పించారు. "మాస్టారూ, మీది సున్నితమైన మనసు. ఒంట్లో బాగాలేనట్టుంది, రెండు రోజులు సెలవు తీసుకోండి" అన్నారు. ఆయాని తిరిగి పనిలో పెట్టుకోమని అడిగాను. "ఎందుకండీ, కొత్తామె బాగానే చేస్తోందిగా" అన్నారు. అంటూనే "ఏయ్, కప్పులు తీసుకెళ్లు" అని కేకేశారు. కొత్తామె వచ్చి తీసుకెళ్లింది. నేను "అలా అనకండి" అన్నాను. ఆవిడ నవ్వారు. నా వయసు వాడు అంటే అది తమాషా అక్కా. పిల్ల అంటేనే తప్పు.

నీతి పాఠాల పీరియడ్ డ్రాయింగు మాస్టారికి ఇచ్చారు. పాత పుస్తకం మళ్లీ బయటికొచ్చింది. ఇంకేమీ మారలేదు. నన్ను శిక్షించను కూడా లేదు.

ఆయాగారి ఇంటికి వెళ్లాను. కిటికీలోంచే చూసి, "బాబూ, మీకు దణ్ణం పెడతాను, ఇటు రాకండి" అంది. తిరిగొచ్చేశాను.

నేను హాల్లో చెప్పిన సంగతి మిరియానికి చెప్పు. లేకపోతే వద్దు, నీకెలా తోస్తే అలా.

తమ్ముడు


నవంబరు 14

తమ్ముడూ,

నీ ఉత్తరం దానికి ఇచ్చాను. చదివింది. "వెనకవాళ్లకి వినపడిందా?" అని అడిగింది. వినపడిందటే అన్నాను. ఊఁ అని, ఉత్తరాన్ని తన పుస్తకం కింద పెట్టేసుకుంది. పారెయ్యలేదు. అంతకంటే నేనేం చెప్పలేను.

నాకు ఆస్పత్రి దుప్పట్లు ఉతికేచోట పని దొరికింది. రోజంతా ఆవిరిలో నిలబడి ఇస్త్రీ చెయ్యడం. మేస్త్రీ 'ఏయ్' అంటాడు. మొదటివారం పలికాను. రెండోవారం పలకలేదు. ఏంటన్నట్టు చూశాడు. నా పేరు చెప్పాను. రోజుకొకసారైనా పేరుపెట్టి పిలుస్తున్నాడు, మిగతా సార్లు మర్చిపోతున్నాడు. పెద్దాయన పోయాడని కబురు తెలిసింది. ఆఖర్న ఎవరు పక్కన ఉన్నారో అడగడానికి ధైర్యం చాల్లేదు.

మిరియాన్ని ఇక్కడి స్కూల్లో చేర్చాను. నన్ను మళ్లీ 'నువ్వు' అంటోంది. ఒకరోజు తనంతట తనే మొదలుపెట్టింది, నేను గమనించనట్టే ఉండిపోయాను.

నిన్న తల్లిదండ్రుల్ని రమ్మన్నారు. వాళ్ల టీచరమ్మ మంచి మనిషిరా, నాకు కుర్చీ వేసి కూర్చోబెట్టింది. మార్కులు చూపించి, "మార్కులు అలా ఉంచండి, మీ అమ్మాయి వినయం చూసి ముచ్చటేస్తుంది. ఎదురు మాటన్నదే తెలీదు. మొన్న నేను పొరపాటుగా వేరే అమ్మాయి చేసిన అల్లరికి దీన్ని నిలబెట్టాను. పీరియడంతా నిలబడిందే తప్ప నేను కాదని ఒక్క మాట అనలేదు. ఇంత మంచి పెంపకం ఈ రోజుల్లో ఎక్కడుందండీ?" అంది.

క్లాసులో అందరికీ వినపడేలా అంది. నలుగురు తల్లులు నా వైపు చూశారు. నేను చేతులు జోడించి నవ్వాను.

నువ్వు దానికి రాయరా. నాకు కాదు, దానికే. పాఠం రాయకు. వాన సంగతి, సైకిల్ షాపు సంగతి, నువ్వు వంట మాడబెట్టుకున్న సంగతి రాయి. జవాబు రాకపోతే మళ్లీ రాయి.

దారిలో నడుస్తూ అడిగాను, "చెయ్యని తప్పుకి ఎందుకు నిలబడ్డావే? కాదని చెప్పొచ్చుగా?" అని. ఇంటికొచ్చాక మళ్లీ అడిగాను. దాని భుజాలు పట్టుకుని, "పోనీ నాతో పోట్లాడవే. నీ ఇష్టం వచ్చినట్టు తిట్టవే, నేనేమీ అనను" అన్నాను.

నా మొహంలోకి చూసి, "సరే అమ్మా" అంది. అని, బకెట్టు తీసుకుని నీళ్లకి వెళ్లింది.

అక్క